రెండో అధ్యాయంలో పోవాల్సిన మావగారు

కృపావరం మాస్టారు ఒక నవల బాగుందని అన్నారంటే భీమడోలు నుంచి ఏలూరు దాకా పదిమంది దాన్ని కొనుక్కునేవారు. బాగాలేదని అన్నారంటే ఇరవైమంది కొనేవారు, అంతలా ఏం బాగాలేదో చూద్దామని. అందుకే ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, 'పుస్తకాల పందిరి' అనే వాట్సాప్ గ్రూపు వాళ్ళంతా భోజనాలు కానిచ్చి ఫోన్లు పట్టుకుని కూర్చునేవారు. ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి, తెల్లచొక్కా విప్పి లాల్చీ తొడుక్కున్నాక మాస్టారు నోరు విప్పేవారు. కోడలు జెస్సీ ఫోను ఆయన నోటి దగ్గర పెట్టి, మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కి పట్టుకునేది. "పందిరిలో పెద్దలకూ పిన్నలకూ వందనాలండీ" అని ఆయన మొదలుపెట్టేవారు. వేలు ఎత్తితే మాట వెళ్ళిపోతుంది కాబట్టి ఆయన దమ్ము తీసుకోవడానికి ఆగినా జెస్సీ వేలు కదిపేది కాదు.

ఆయన అభిప్రాయాల్లో మొహమాటం ఉండేది కాదు. కాలేజీ పిల్లలంతా వెర్రెత్తిపోతున్న 'నీలం రంగు స్కూటీ' అనే ప్రేమ నవల గురించి, "అబ్బాయి సగం పుస్తకం అమ్మాయి వెంట పడ్డాడండీ. దానికి ప్రేమని పేరు పెట్టారు. మా రోజుల్లో దాన్ని పనీపాటా లేకపోవడం అనేవాళ్ళం" అన్నారు. 'మూడో లిఫ్టు' అనే హత్యల నవల గురించి, "హంతకుడెవరో నాకు మొదట్లోనే తెలిసిపోయింది, పోలీసులకు చివరి పేజీ దాకా తెలియలేదు. అంత తెలివితక్కువ పోలీసుల్ని పెట్టుకున్నాక హంతకుడికి అన్ని తెలివితేటలు దేనికండీ?" అన్నారు. కొల్లేటి మీద ఎవరో హైదరాబాదు ఆయన రాసిన నవల బాగా అమ్ముడుపోతోందని విని అదీ చదివించుకున్నారు. పేజీ పేజీకీ కొంగ ఎగురుతుంటే జెస్సీకి నవ్వాగలేదు. ఆమెది కొల్లేటికోట. "చెరువు గట్టున కాపలా కాసేవాడికి కొంగ కనిపిస్తే కవిత్వం రాదు మావయ్యగారూ, చేప పోయిందని తిట్టు వస్తుంది" అంది. ఆ మాట ఆయన ఆదివారం నాడు యథాతథంగా చెప్పి, "ఇది నాది కాదండీ, మా కోడలిది" అని కూడా చేర్చారు. జెస్సీకి ఆ వారమంతా నేల మీద కాళ్ళు ఆనలేదు.

మాస్టారికి చూపు పోయి కొన్నేళ్ళయింది. కంట్లో నీటికాసులని ఏలూరు డాక్టరు చెప్పేనాటికే ఆలస్యమైపోయింది. భార్య రత్నకుమారి ఉన్నంతకాలం ఆవిడే చదివి వినిపించేది. ఆవిడ పోయాక ఆ పని జెస్సీకి వచ్చింది. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక, కూతురు హెప్సీ బడి నుంచి వచ్చేలోగా, వరండాలో పడక్కుర్చీ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. ఇంటి పక్క పట్టాల మీద రైలు పోయినప్పుడు చదవడం ఆపి, అది దాటిపోగానే ఆపిన మాట నుంచే అందుకునేది. ఆమె చదువుకున్నది కూడా తెలుగే, ఆ పైన బీఈడీ. ఆ చదువు ఆ ముక్కాలిపీట మీద తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు.

ఇక ఆమె భర్త రాజ్ కుమార్. గుండుగొలనులో చేపల మేత కొట్టు అతనిది. చర్చిలో పాటల బృందానికి పెద్ద. వాకిట్లోకి ఎవరొచ్చినా లేచి కుర్చీ వేస్తాడు. ఊళ్ళో అంత మర్యాదస్తుడు లేడు. ఆ మర్యాదంతా ఊళ్ళోనే ఖర్చు పెట్టేసి ఇంటికి వట్టి చేతులతో వచ్చేవాడు. వట్టి చేతులే గాని, ఆ చేతులు ఊరికే ఉండేవి కావు. కూర చల్లారిందని ఒకసారి, ఫోనులో ఎవరితో నవ్వావని ఒకసారి, ఏ కారణమూ దొరక్క ఇంకోసారి. మర్నాడు ఏమీ జరగనట్టే కాఫీ అడిగేవాడు. మాస్టారి మంచం పక్కగదిలోనే. అలాంటప్పుడల్లా గోడ అవతల నుంచి ఆయన దగ్గు వినిపించేది. అది రొమ్ములోంచి వచ్చే దగ్గు కాదని జెస్సీకి తెలుసు. ఆ దగ్గుకు మించి ఏ మాటా ఆ గోడ దాటి రాలేదు.

ఈ మధ్య ఒక సంగతి జరిగింది. బీఈడీలో జెస్సీతో చదివిన ఫిర్దౌస్ తాడేపల్లిగూడెంలో ఒక ఆడపిల్లల హాస్టలు స్కూల్లో పని చేస్తోంది. అక్కడ తెలుగు టీచరు కావాలనీ, ఉండటానికి గది ఇస్తారనీ, హెప్సీకి చదువు కూడా అక్కడేననీ ఫోను చేసి చెప్పింది. రాజ్ కుమార్‌ని అడిగితే పెద్దగా నవ్వాడు. "వెళ్ళిరా, చూద్దాం. నీకెవడిస్తాడు?" అన్నాడు. జెస్సీ వెళ్ళి పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించింది. వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. అప్పుడు అతని నవ్వు ఆగిపోయింది. "ఇంకోసారి ఆ మాటెత్తావంటే చూడు" అన్నాడు. నెలాఖరు సోమవారంలోగా చేరేదీ లేనిదీ చెప్పాలని స్కూలువాళ్ళు గడువు పెట్టారు. పుట్టింటికి వెళ్ళే దారి ఎటూ లేదు. కొల్లేటికోటలో తమ్ముడు మనోజ్ చెరువుల మీద కూలికి పోతాడు, ఇద్దరు పిల్లలు, ఒక్కటే గది. "నాలుగు రోజులుండు అక్కా, తర్వాత చూద్దాం" అన్నాడు వాడు. ఆ తర్వాతలో ఏముందో ఇద్దరికీ తెలుసు.

మిగిలింది మావగారి మాట ఒక్కటే. దానికి విలువుందని జెస్సీ కళ్ళారా చూసింది. మాస్టారి పేరున ఉన్న పొలంలో చేపల చెరువు తవ్విద్దామని రాజ్ కుమార్ ఒకసారి పొక్లెయిన్‌ని కూడా మాట్లాడేశాడు. "వద్దురా, అది తిండి గింజల నేల" అని మాస్టారు ఒక్క ముక్క అన్నారు. పొక్లెయిన్ వీధి మొగదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. రాజ్ కుమార్ ప్రపంచంలో ఎవరి మాటైనా వింటాడంటే అది తండ్రి మాటే. ఆ మాట తన కోసం ఒక్కసారి పడితే చాలు. కానీ అడగాలంటే నోరు పెగలాలి కదా. మీ అబ్బాయి నన్ను కొడుతున్నాడు, నన్ను పంపించెయ్యండి అని కళ్ళు లేని మనిషి ముందు ఎలా అంటుంది? ఆయన వద్దంటే ఆ తర్వాత ఆ ముక్కాలిపీట మీద ఎలా కూర్చుంటుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే 'పద్మజ కాపురం' నవల ఇంటికొచ్చింది. ఆ ఏడాది తెలుగు ఆడవాళ్ళంతా దాన్ని చదివి ఏడుస్తున్నారని పందిరిలో ఒకటే గోల. మాస్టారు కూడా తెప్పించమన్నారు. మొదటి అధ్యాయం చదువుతూనే జెస్సీ ఆగి, రచయిత్రిది ఏ ఊరోనని అట్ట వెనక్కి తిప్పి చూసింది. పద్మజ భర్త బ్యాంకు ఉద్యోగి, పదిమందిలో పెద్దమనిషి, ఇంట్లో చెయ్యి ఆగదు.

రెండో అధ్యాయంలో పద్మజ మావగారు చచ్చిపోతాడు. పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ, కాఫీ తెచ్చిన కోడలి కళ్ళ ముందే గుండె ఆగిపోతుంది. రచయిత్రి ఆ చావును కడు శ్రద్ధగా, ఆయన చేతిలోంచి పేపరు జారడం దగ్గర్నుంచి పాడె కట్టడం దాకా వర్ణించింది. జెస్సీ తలెత్తి చూసింది. ఎదురుగా పడక్కుర్చీలో మాస్టారు, చేతిలో కాఫీ గ్లాసు. ఆ ముందు వారమే గుండెల్లో బరువుగా ఉందంటే ఏలూరు తీసుకెళ్ళి పరీక్షలు చేయించుకొచ్చారు. ఆమెకు ఆ వాక్యం నోటికి రాలేదు. ఆ పేజీలు గబుక్కున తిప్పేసి, మూడో అధ్యాయంలోకి దూకేసింది.

ఆ దయ ఎంత చాకిరీ తెచ్చిపెట్టిందో ఆమెకు తర్వాత తెలిసింది. పుస్తకంలో పోయిన మనిషి జెస్సీ నోట్లో బతికే ఉన్నాడు. బతికున్నవాడికి ఏదో ఒక పని చెప్పాలి. రచయిత్రి పద్మజ చేత మావగారి ఫోటోకు దండ మార్పించినప్పుడల్లా జెస్సీ ఆయనకు కాఫీ ఇప్పించింది. ఫోటో ముందు అగరొత్తులు వెలిగిస్తే ఆయన కళ్ళజోడు తుడిపించింది. సంవత్సరీకానికి బంధువులంతా దిగినప్పుడు ఏం చెయ్యాలో తోచక, ఆయనకు పుట్టినరోజు చేసేసింది. ఆ పూట పుస్తకంలో అందరూ ఎందుకు కన్నీళ్ళు పెట్టుకున్నారో మాత్రం ఎలా సర్దాలో తెలియక, ఆనందబాష్పాలని చదివింది.

"ఈ పెద్దాయన అస్సలు మాట్లాడడేంటమ్మా?" అన్నారు మాస్టారు ఒకరోజు.

"మితభాషి అండీ" అంది జెస్సీ.

"ఊఁ. ఇంట్లో అంత జరుగుతుంటే కుర్చీలోంచి లేవను కూడా లేవడు."

జెస్సీ పేజీ తిప్పింది. ఆ మాటన్నాక ఆయన ముఖంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు.

చివరి అధ్యాయం ముందురోజు రాత్రి వంటింట్లో కూర తిరగేస్తూ తనలో తనే చదువుకుంది. పద్మజకు విశాఖపట్నంలో ఉద్యోగం వస్తుంది. పెట్టె పట్టుకుని బస్టాండు దాకా వెళుతుంది. అక్కడ మెడలో తాళి చేతికి తగులుతుంది. వెనక్కి తిరిగి వస్తుంది. భర్త గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటాడు. ఇల్లాలి ఓర్పే గెలిచిందని ఆఖరి వాక్యం. తెలుగు ఆడవాళ్ళు ఏడ్చింది దీనికా అనుకుంది జెస్సీ. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుంది గాని, అక్షరాల వంక చూడలేదు. పద్మజ పెట్టె సర్దుకుంది. భర్త గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు ఎన్నడూ లేవని మావగారు పడక్కుర్చీలోంచి లేచాడు. "అడ్డు తప్పుకోరా" అన్నాడు కొడుకుతో. "నువ్వు బయల్దేరమ్మా, నేనున్నాను" అన్నాడు కోడలితో. పెట్టె ఆయనే పట్టుకుని బస్టాండు దాకా వచ్చాడు. బస్సు కదిలింది. పద్మజ వెనక్కి తిరిగి చూసింది, ఆయన చెయ్యి ఊపుతున్నాడు.

జెస్సీ పుస్తకం మూసింది. గూడ్సు బండి ఒకటి ఎంతసేపటికీ తరగకుండా పోతూ ఉంది.

"తర్వాత ఆ పెద్దాయన ఇంటికొచ్చి కొడుకు ముఖం ఎలా చూశాడమ్మా?" అన్నారు మాస్టారు, అది పోయాక.

అది జెస్సీ ఆలోచించలేదు. "రచయిత్రి రాయలేదండీ."

"రాయాల్సింది. అసలు కష్టం అక్కడుంది."

ఆదివారం వచ్చింది. జెస్సీ ఫోను పట్టుకుంది. మాస్టారు ఆ రోజు మామూలు కంటే నిదానంగా మాట్లాడారు. "ఈ మధ్య నేను విన్న నవలలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తండీ. అందరూ పద్మజ గురించి మాట్లాడుతున్నారు, నాకు మావగారి పాత్ర నచ్చింది. పుస్తకమంతా నోరెత్తని మనిషి ఆఖర్న ఒక్క మాటతో ఆ అమ్మాయిని కాపాడి, బస్టాండు దాకా సాగనంపాడు. నిజానికి ఆ ఇంట్లో మొదటి తప్పు కొడుకుది కాదు, అన్నీ వింటూ కూర్చున్న ఆ తండ్రిది. దాన్ని దిద్దుకున్నాడు కాబట్టి ఆయన పెద్దమనిషి. అలాంటి కోడలు వెళ్ళిపోవడమే న్యాయం. ఇది నా సొంత అభిప్రాయమండీ."

మాట అయిపోయింది. జెస్సీ వేలు ఇంకా మైకు బొమ్మ మీదే ఉంది. ఎత్తితే పందిరిలో అందరూ వింటారు, అబద్ధం బయటపడుతుంది. పక్కకు జరిపితే చెరిగిపోతుంది. కానీ వెళ్ళిపోవడమే న్యాయమన్న మాట ఆ ఇంట్లో పైకి వినిపించడం అదే మొదటిసారి. దాన్ని తన చేత్తో తుడిచెయ్యడం ఆమె వల్ల కాలేదు. వేలు ఎత్తేసింది.

సాయంత్రానికి పందిరి గగ్గోలెత్తిపోయింది. 'మాస్టారూ, ఏ మావగారండీ?' అని ఒకరు. 'పద్మజ వెనక్కి వచ్చేసింది కదండీ' అని ఇంకొకరు. నవ్వుతున్న బొమ్మలు, కళ్ళు తేలేసిన బొమ్మలు. అందరూ ఏమన్నారమ్మా అని మాస్టారు అడిగితే జెస్సీ, "అందరూ బాగుందంటున్నారండీ" అంది. ఆ వారమంతా ఫోనును కొంగున కట్టుకున్నట్టే తిరిగింది. అది పడక్కుర్చీ దగ్గర మోగితే ఎక్కడ ప్రాణం పోతుందోనని భయం.

శనివారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఏలూరులో తివాచీల వ్యాపారం చేసే హిదాయతుల్లా గారు, పందిరిలో అందరికంటే పెద్ద చదువరి, మాస్టారికి పాత స్నేహితుడు, పాసింజరు దిగి సరాసరి వచ్చేశారు. చంకలో 'పద్మజ కాపురం'. జెస్సీ మంచినీళ్ళు ఇచ్చి తలుపు వెనక నిలబడిపోయింది.

"ఏవండీ మాస్టారూ, ఎన్ని మెసేజీలు పెట్టినా పలకరేంటండీ? ఒంట్లో బాగుందా?" అన్నారాయన. "మరేం లేదండీ, మీరు పోయిన ఆదివారం చెప్పింది విన్నాక నాకు తిండి సయించట్లేదు. మళ్ళీ మొదటి నుంచీ చదివాను. ఆ మావగారు రెండో అధ్యాయంలోనే పోయాడు కదండీ! పాడె కూడా కట్టారు. మీరేమో బస్టాండు దాకా నడిపించారు!"

జెస్సీ తలుపు రెక్క పట్టుకుంది. మాస్టారు కుర్చీ చేతుల మీద వేళ్ళు కదిపారు. ఆయన ముఖం తలుపు వైపు తిరిగింది, చూపు లేకపోయినా.

"నేనే పొరబడ్డానండీ" అన్నారు. "రెండు నవలలు కలిపేసుకున్నట్టున్నాను. మా కోడలు సరిగ్గానే చదివింది. నాకే జ్ఞాపకం తప్పుతోంది."

హిదాయతుల్లా గారు పుస్తకాన్ని మళ్ళీ చంకలో పెట్టేసుకున్నారు. కృపావరం మాస్టారు పొరబడ్డాననడం ఆయన ఎన్నడూ వినలేదు. కాసేపు చెరువుల సంగతులూ, ఎండల సంగతులూ మాట్లాడి లేచారు. వెళుతూ గేటు దగ్గర జెస్సీతో గొంతు తగ్గించి, "మాస్టార్ని ఒకసారి మంచి డాక్టరుకు చూపించండమ్మా. ఎంత జ్ఞాపకశక్తండీ ఆయనది" అన్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. జెస్సీకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

తిరిగి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది.

"ఎందుకు బతికించావమ్మా ఆయన్ని?" అన్నారు మాస్టారు, కోపం లేకుండా.

"పోయాడని చదవడానికి నోరు రాలేదండీ. మీరు కాఫీ తాగుతున్నారు" అంది. మళ్ళీ తనే అడిగింది. "మీకు ముందే తెలుసాండీ?"

"నలభై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. ఏ రచయితైనా ఒక మనిషిని పుస్తకమంతా ఊరికే కుర్చీలో కూర్చోబెడతాడా? ఆఖరి అధ్యాయం ఆవిడ రాసింది కాదని అర్థమైంది. ఆవిడ వాక్యం చీరంత పొడుగు. నీది కోసినట్టు ఉంటుంది."

"మరి తెలిసీ అంత మెచ్చుకున్నారేంటండీ?"

"నచ్చింది కాబట్టి."

ఇంక ఆగలేకపోయింది జెస్సీ. పుస్తకాన్ని అడ్డం పెట్టుకోవడం అయిపోయింది. "అయితే మీ అబ్బాయితో ఒక్క మాట చెప్పండి మావయ్యగారూ. గూడెం ఉద్యోగం సోమవారం దాటితే పోతుంది. నేను చెబితే వినరు. మీరు చెబితే వింటారు. నాకు ఇంకెవరూ లేరండీ."

మాస్టారు ఆమె తల కోసం గాల్లో చెయ్యి చాపి, అందాక తల మీద పెట్టారు. "చెబుతానమ్మా" అన్నారు. "ఈ పూటే చెబుతాను."

ఆ సాయంత్రం జెస్సీ వంట చేస్తూ, ఉప్పు వేసిందో లేదోనని పులుసు రెండుసార్లు రుచి చూసింది. ఎన్నాళ్ళకో ఆమెకు ఆశ పుట్టింది, అది భయం కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. హెప్సీ బట్టలు ఏ సంచీలో పడతాయో కూడా మనసులో లెక్క వేసేసుకుంది. వరండాలో మాస్టారు పెదాలు కదుపుతూ కూర్చున్నారు. ప్రార్థన చేస్తున్నారో, చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటున్నారో తెలియలేదు.

రాజ్ కుమార్ వచ్చి స్నానం చేసి, తండ్రి పక్కన భోజనానికి కూర్చున్నాడు. మాస్టారు ప్రార్థన చెప్పారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకుండానే, "రాజూ, అమ్మాయి గూడెం ఉద్యోగం సంగతి" అన్నారు.

రాజ్ కుమార్ జెస్సీ వంక చూశాడు. చూసి, తండ్రితో చాలా మెత్తగా మాట్లాడాడు. "చెప్పండి నాన్నగారూ."

"వెళ్ళనివ్వరా. చదువుకున్న పిల్ల."

"సరేనండీ" అన్నాడు రాజ్ కుమార్. జెస్సీ చేతిలో గరిటె ఆగిపోయింది. "మీ మాట నేనెప్పుడన్నా కాదన్నానా? మీరు పంపించమంటే రేపే దింపేసి వస్తాను. మరి మీకు పూటపూటకీ కళ్ళలో మందు ఎవరు వెయ్యాలంటారు? బాత్‌రూముకు ఎవరు తీసుకెళ్ళాలి? నేను కొట్టు మూసుకోనా? పనిమనిషిని పెడదామంటే ఆవిడ మీకు నవలలు చదువుతుందాండీ? అవన్నీ మీరు ఆలోచించుకుని వెళ్ళమని చెప్పండి, పంపించేస్తాను. నాకేం అభ్యంతరం లేదు."

మాస్టారు కంచం అంచు మీద వేలు రాస్తూ ఉండిపోయారు. ఒక్క మాట చాలు. వెళ్ళమను, అంతే. జెస్సీ ఆయన పెదాల వంకే చూస్తోంది. హెప్సీ పెరుగు అడిగితే వినిపించుకోలేదు.

"అదీ నిజమేలేరా" అన్నారు కృపావరం మాస్టారు.

రాజ్ కుమార్ కూర కలుపుకున్నాడు. జెస్సీ హెప్సీకి పెరుగు వేసింది. మావగారి కంచంలో పులుసు పోసి, ముక్క ఎటు వైపుందో ఎప్పటిలాగే చెప్పింది. భర్త మీద ఆమెకు కొత్తగా కోపం ఏమీ రాలేదు, అతను ఎలాంటివాడో అలాగే ఉన్నాడు. కోపమంతా ఈ మెత్తటి ముసలాయన మీద వచ్చింది. గిన్నె విసిరికొట్టాలన్నంత వచ్చింది. కానీ ఆయన వేళ్ళతో ముద్ద కోసం కంచంలో వెతుక్కుంటుంటే ఆ కోపం కూడా నిలవలేదు. ఆయన అన్నది అబద్ధమైతే తిట్టుకునేది. ఆయనకు నిజంగానే ఇంకెవరూ లేరు.

ఆదివారం ఆరాధనలో రాజ్ కుమార్ పాటలు బాగా పాడాడని అందరూ అన్నారు. ఇంటికొచ్చాక జెస్సీ స్కూలుకు, చేరలేకపోతున్నందుకు మన్నించమని మెసేజి పెట్టింది. ఫిర్దౌస్ వెంటనే ఫోను చేసింది గాని, ఎత్తలేదు. మాస్టారు లాల్చీ తొడుక్కుని వరండాలో కూర్చున్నారు. జెస్సీ వెళ్ళి ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది.

"పందిరిలో పెద్దలకూ పిన్నలకూ వందనాలండీ" అన్నారాయన. "పోయిన వారం 'పద్మజ కాపురం' గురించి నేను చెప్పింది పొరబాటు. పద్మజ ఎక్కడికీ వెళ్ళలేదు."

ఇంకేమైనా అంటారేమోనని జెస్సీ వేలు ఎత్తకుండా ఆగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె వేలు ఎత్తింది.

"నువ్వు చదివిన ముగింపే బాగుందమ్మా" అన్నారు మాస్టారు. ఆ మాట పందిరికి కాదు, ఆమెకే.

"బాగుందండీ" అంది జెస్సీ. "కానీ పుస్తకంలో అలా లేదండీ."

కంటి మందు వేసే వేళయింది. ఆమె సీసా తెచ్చి, ఆయన తల వెనక్కి వంచి, రెండు కళ్ళలోనూ చుక్కలు వేసింది.